బుష్షులు నిలవని ఉప్పు లారీ: వెనుక కమాను బ్రాకెట్లు మార్చిన ఒక కేసు

లారీ బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులే కమాన్లు. వాటి పనిలో బుష్షులు (కమాను కొసన ఉండే కంటిలో పిన్ను చుట్టూ వేసే గొట్టంలాంటి తొడుగులు) మార్చడం రోజువారీ వ్యవహారం. పిన్ను తీసి, పాత బుష్షు దింపి, కొత్తది ఎక్కించి, గ్రీజు కొట్టి పంపించేస్తాం. అదే బుష్షు అదే చోట పదేపదే పోతుంటే మాత్రం బుష్షును తిట్టుకుని లాభం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చిన ఒక పాత లారీ సంగతి ఇది. యజమాని ఎవరు, ఏ ఊరు, బండి ఏ కంపెనీది అన్న వివరాలు రాయడం లేదు. జరిగిన పనికి వాటితో సంబంధం లేదు.

నేపథ్యం

ఆరు చక్రాల లారీ. వయసు పదిహేనేళ్ల పైమాట. వెనుక యాక్సిల్‌కు రెండు పక్కలా కమాను కట్టలు ఉన్నాయి. ఒక్కో కట్ట ముందు కొస ఛాసిస్ (బండి అడుగు చట్రం) బ్రాకెట్టులో పిన్నుతో బిగించి ఉంటుంది, వెనుక కొస షాకిల్‌కు, అంటే ముందుకూ వెనక్కూ ఊగే లింకుకు, వేలాడుతుంది. లోడు పడినప్పుడు కమాను చదునై పొడవు పెరుగుతుంది కాబట్టి ఒక కొసకు కదిలే వీలు ఇవ్వాలి, షాకిల్ ఉన్నది అందుకే. ముందు కొసకు ఆ వీలు లేదు. ఇంజను తోపు, బ్రేకు లాగుడు రెండూ ఛాసిస్‌కు చేరేది ముందు పిన్ను ద్వారానే. యాక్సిల్ ఎక్కడ నిలవాలో తేల్చేది కూడా ఆ పిన్నే.

బండి మోసే సరుకు ఉప్పు. చినగంజాం, నౌపడ లాంటి చోట్ల ఉప్పు కొఠార్లలో (మడుల్లో) తీసిన ముడి ఉప్పు లోడు చేసేటప్పటికి ఇంకా చెమ్మగానే ఉంటుంది. ఆ ఊట బాడీ చెక్కల సందుల్లోంచి కిందికి కారుతుంది. కారింది ఆరిపోతుందిలే అనుకుంటారు చాలామంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చి తానే నీరవుతుంది. కోస్తాలో రాత్రిపూట అంత తేమ ఉండడం మామూలే. వాన చుక్క పడకపోయినా, ఛాసిస్ సందుల్లో ఇరుక్కున్న ఉప్పు ఇనుమును తడుపుతూనే ఉంటుందన్నమాట. బయటికి కనిపించే ఇనుముకన్నా, రెండు రేకులు ఒకదానికొకటి ఆనుకున్న సందులో తుప్పు ఎక్కువ తినేస్తుంది. లోపలికి గాలి ఆడదు, ఉప్పునీరు బయటికి పోదు.

ఈ బండిలో దెబ్బంతా ఎడమ వైపే తగిలింది. మన దగ్గర లారీ రోడ్డు పక్కన ఆగితే ఎడమ చక్రాలు మార్జిన్‌లోకి దిగుతాయి. బాడీ అటు వాలుతుంది, ఊట మొత్తం ఎడమ అంచుకు చేరి సరిగ్గా కమాను బ్రాకెట్ల మీద పడుతుంది.

వచ్చిన సమస్య

డ్రైవరు చెప్పిన మాటలు దాదాపు ఇవి: “మేస్త్రీ గారూ, యాక్సిలరేటర్ తొక్కితే ఎడమకు పోతుంది, బ్రేకు వేస్తే కుడికి పోతుంది. గుంటలో పడితే వెనకాల టకామని కొడుతుంది.”

ముందు టైరు అంచు కూడా అరుగుతోంది. అంతకుముందు వేరే చోట్ల రెండు రకాల పనులు జరిగాయి. ఒకచోట ముందు చక్రాల అలైన్‌మెంట్ చేసి, టై రాడ్ ఎండ్లు మార్చారు. తేడా కనబడలేదు. మరోచోట వెనుక కమాన్ల బుష్షులు, పిన్నులు మార్చారు. చప్పుడు కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలైంది. మరోసారి బుష్షులు పడ్డాయి, మరోసారి అదే తంతు. ఆ మెకానిక్‌లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఒక్కొక్కరూ తమ ముందుకొచ్చిన లక్షణానికి మందు వేశారు.

నన్ను ఆపింది డ్రైవరు చెప్పిన మొదటి మాట. అలైన్‌మెంట్ చెడితే బండి ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంది. ఒక చక్రానికి బ్రేకు ఎక్కువగా పడితే బ్రేకు వేసినప్పుడే లాగుతుంది. తొక్కితే ఒక పక్కకు, ఆపితే రెండో పక్కకు పోతోందంటే వెనుక యాక్సిల్ తన చోట నిలబడడం లేదని అర్థం. ఎడమ పిన్ను దగ్గర ఆట, అంటే వదులు, ఉందనుకోండి. తొక్కినప్పుడు ఎడమ చక్రం ఆ ఆట మేరకు ముందుకు జరుగుతుంది. యాక్సిల్ వంకర తిరిగి బండి వెనుక భాగాన్ని కుడికి తోస్తుంది, మూతి ఎడమకు తిరుగుతుంది. బ్రేకు వేస్తే అదే చక్రం వెనక్కు జరిగి అంతా తారుమారవుతుంది. వెనుక చక్రాలు తమంతట తాము స్టీరింగ్ తిప్పుతున్నట్టే.

పరీక్ష

ఇలాంటి బండిని వచ్చీరాగానే జాకీ మీద ఎక్కించకూడదు. బరువు తీసేస్తే పిన్ను మధ్యకు చేరి ఆట దాక్కుంటుంది. బండి నేల మీదే ఉండగా ముందు చక్రాలకు కాస్త ఎడంగా దిమ్మెలు పెట్టించాను. డ్రైవరును మొదటి గేరులో కొద్దిగా కదిపి బ్రేకు కొట్టమన్నాను, తర్వాత రివర్సులో అలాగే చేయమన్నాను. నేను కింద దూరకుండా పక్కన కూర్చుని, టార్చిలైటు వేసి ఎడమ ముందు పిన్నును చూశాను. బ్రేకు పడ్డ ప్రతిసారీ పిన్ను బ్రాకెట్టు బెజ్జంలో ముందుకూ వెనక్కూ ఊగుతోంది, బ్రాకెట్టు చెవి (పిన్ను దూరే బెజ్జం ఉన్న పక్క భాగం) అంచునుంచి ఎర్రటి పొడి సన్నగా రాలుతోంది. బుష్షు లోపల పిన్ను ఆడితే నల్లటి గ్రీజు ముద్ద కనిపించాలి. పొడి ఎర్రగా, బ్రాకెట్టు చెవి దగ్గరనుంచి రాలుతోందంటే ఇనుముమీద ఇనుమే రాసుకుంటోంది.

తర్వాత కొలతలు. తాపీ మేస్త్రీలు వాడే గుండుదారంతో ముందు, వెనుక యాక్సిళ్ల మధ్యబిందువులను రెండు పక్కలా నేలమీదికి దించి సుద్దతో గుర్తులు పెట్టాం. బండిని ముందుకు నడిపి, బ్రేకు వేయకుండా దానంతట అది ఆగేలా వదిలితే ఎడమ వైపు దూరం కుడికన్నా 8 మి.మీ. తక్కువ వచ్చింది. వెనక్కు నడిపి అలాగే వదిలితే 3 మి.మీ. ఎక్కువ వచ్చింది. మొత్తం 11 మి.మీ. ఆట. కుడి వైపు కొలత మాత్రం దాదాపు మారలేదు. బ్రేకు వేయకుండా ఆపడం ఇక్కడ ముఖ్యం. బ్రేకు వేసి ఆపితే యాక్సిల్ ఎటు జరిగి ఆగిందో తెలియక కొలత ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది.

ఇంతకుముందు వేసిన బుష్షులు ఎందుకు నిలవలేదో ఇక్కడ తేలింది. బుష్షు కొత్తది, పిన్ను కొత్తది. అవి కూర్చునే బ్రాకెట్టు బెజ్జం మాత్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చేసింది. పిన్నును తిరగకుండా పట్టే లాక్ బోల్టు గాడి కూడా తుప్పుకు పోయింది. బ్రాకెట్టులో కదలకుండా ఉండాల్సిన పిన్ను అక్కడే ఊగుతూ, కొత్త బుష్షును ఒక అంచున నమిలేసింది.

ఏం చేయాలన్న చర్చ

యజమాని కోరిక సూటిగా ఉంది. బెజ్జాన్ని వెల్డింగుతో నింపి మళ్లీ తొలిపించి, కొత్త బుష్షు వేసి పంపేయమన్నారు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, ఆ గడువు దగ్గర పడింది. ఆయన తొందర అర్థమైంది.

నేను వద్దన్నాను. ఆ బ్రాకెట్టు పోతపోసినది. పోత ఇనుముమీద సరైన పద్ధతి లేకుండా వెల్డింగు వేస్తే అతుకు పక్కనే పెళుసెక్కి, లోడుమీద పగులుతుంది. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. చిన్న సుత్తితో కొట్టి చూస్తే కుడి బ్రాకెట్టు ఖంగుమంది, ఎడమది దబ్బుమంది. బ్రాకెట్టుకూ ఛాసిస్‌కూ మధ్య పల్చని ఇనుప పట్టీ దూరేంత సందు కనబడింది. ఇనుము తుప్పుగా మారితే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. రెండు రేకుల మధ్య ఉబ్బిన తుప్పు రివెట్లను సాగదీసి బ్రాకెట్టును బయటికి నెట్టేసింది. బెజ్జం గుండ్రంగా చేసినా, అది ఉన్న బ్రాకెట్టే వదులుగా ఉంటే ఏం ప్రయోజనం?

తుక్కు బండినుంచి తీసిన పాత బ్రాకెట్టు సగం ధరకు దొరికింది. పైకి బాగానే ఉంది. కిరసనాయిలు పూసి కాసేపు ఉంచి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రాశాం. చెవి మొదట్లో వెంట్రుకంత సన్నటి తడిగీత తేలింది. పగుల్లో దూరిన కిరసనాయిలు సుద్దలోకి ఊరినప్పుడు వచ్చే గీత అది. ఖర్చు లేని ఈ పరీక్షకు మా షెడ్డులో ఎన్నో భాగాలు పట్టుబడ్డాయి. ఆ బ్రాకెట్టు తిప్పి పంపాం. ఎడమ వైపు ముందు బ్రాకెట్టు, వెనుక షాకిల్ బ్రాకెట్టు, షాకిల్ పలకలు కొత్తవి తెప్పించాం.

మరి కుడి వైపు? బ్రాకెట్లు జతగా మార్చాలన్న నియమం కొందరిది. కుడి బెజ్జాన్ని వెర్నియర్‌తో అడ్డంగా, నిలువుగా కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు, రివెట్లు బిగువుగా ఉన్నాయి. బిగువుగా ఉన్న రివెట్లు కోసి బోల్టులు వేయడంవల్ల లాభం తక్కువ, పాడుచేసే అవకాశం ఎక్కువ. అటు బుష్షులు, పిన్నులు మాత్రమే మార్చాలని తేల్చాం.

పిన్ను రాలేదు

ఛాసిస్‌ను స్టాండ్లమీద నిలబెట్టి, యాక్సిల్ కింద వేరే జాకీ పెట్టాం. కమాను మీద ఛాసిస్ బరువు గానీ యాక్సిల్ వేలాడే బరువు గానీ లేకుండా జాకీని సరిచేసుకున్నాకే పిన్ను జోలికి వెళ్లాం. ఒక వైపు పని పూర్తయ్యేదాకా రెండో వైపు కదపలేదు. రెండూ ఒకేసారి విప్పితే యాక్సిల్‌ను పట్టి ఉంచేదేమీ ఉండదు.

కుడి పిన్నులు సమ్మెట దెబ్బలకు వచ్చేశాయి. ఎడమ ముందు పిన్ను మొరాయించింది. డీజిల్ పోసి రాత్రంతా నానబెట్టాం. ఇత్తడి కడ్డీ పెట్టి కొడితే పిన్ను కదలకపోగా దాని తల పుట్టగొడుగులా విచ్చుకోవడం మొదలైంది. అలా విచ్చుకున్న పిన్ను బెజ్జంలోంచి ఇక రాదు కాబట్టి కొట్టడం ఆపేశాం. తర్వాత ఇనుప చట్రంలో సీసా జాకీ బిగించి నెట్టి చూశాం. పిన్నుకు బదులు బ్రాకెట్టు చెవి వంగసాగింది.

ఇక మిగిలింది గ్యాస్ అన్నారు కుర్రాళ్లు. ఇక్కడ జాగ్రత్త కావాలి. కమాను పట్టీల ఉక్కును గట్టిపరచిన తర్వాత సుమారు 400-500 డిగ్రీల మధ్య టెంపర్ చేస్తారు, అంటే పెళుసు తగ్గేలా మళ్లీ వేడిచేస్తారు. దానికి మించి వేడి తగిలితే ఆ పట్టీ మెత్తబడుతుంది. ఇనుము ఎర్రగా కనిపించేసరికే ఆ హద్దు దాటిపోయి ఉంటుంది. పిన్ను ఉన్నది మెయిన్ పట్టీ కంటిలో, అంటే పట్టీ కొసను చుట్టి చేసిన గుండ్రటి బెజ్జంలో. పిన్ను కోసం కన్ను కాల్చామంటే, రేపు లోడుతో గుంటలో పడినప్పుడు మెయిన్ పట్టీయే కంటి దగ్గర వదిలేస్తుంది. అప్పుడు యాక్సిల్‌ను పట్టుకునే నాథుడే ఉండడు.

బ్రాకెట్టు ఎలాగూ తుక్కుకే పోతుంది. కాబట్టి దాన్నే బలిపెట్టాం. కంటికీ చెవికీ మధ్య ఉన్న సందులో పల్చని గ్రైండర్ చక్రంతో రెండు పక్కలా పిన్నును కోశాం. పక్కనే ఉన్న గాలి పైపులమీద తడి గోనెపట్టా కప్పి, నిప్పురవ్వలు పడకుండా చూసుకున్నాం. కట్ట కిందికి దిగింది. కంటిలో మిగిలిన ముక్కను ప్రెస్సుమీద బుష్షుతో సహా నెట్టేశాం. కోసి చూస్తే పిన్ను లోపలి గ్రీజు దారి ఉప్పు, తుప్పు కలిసిన గట్టి ముద్దతో మూసుకుపోయి ఉంది. కుర్రాడు ఎంత గ్రీజు కొట్టినా నిప్పిల్ (గ్రీజు ఎక్కించే మూతి) పక్కనుంచే బయటికి వచ్చేది. అది చూసి గ్రీజు పట్టిందనుకున్నారు.

బ్రాకెట్టు వెనకాల

రివెట్ తలలను గ్రైండర్‌తో కోసి, మధ్యలో డ్రిల్లు వేసి, పంచ్‌తో వెనక్కు నెట్టాం. ఛాసిస్‌కు వేడి తగలకూడదని గ్యాస్ వాడలేదు. బ్రాకెట్టు ఊడిరాగానే దాని వెనుక నుంచి తుప్పు మడతకాజా పొరల్లా పలకలు పలకలుగా రాలింది. తీగబ్రష్షుతో గీకితే ఛాసిస్ నిలువు గోడమీద గుంటలు బయటపడ్డాయి. పక్కన శుభ్రంగా ఉన్నచోట 7 మి.మీ. ఉన్న మందం లోతైన గుంట దగ్గర 5.5కు పడిపోయింది.

ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే. ఛాసిస్ రైలు (బండి పొడవునా సాగే ఇనుప దూలం) సి-ఆకారం. బండి బరువుకు రైలు వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది పై అంచు, కింది అంచుమీద. నిలువు గోడ మధ్యభాగంలో ఆ వంపు ఒత్తిడి తక్కువ. గుంటలు గోడ మధ్యలోనే ఉన్నాయి, అంచులు రెండూ సుత్తికి గట్టిగా పలికాయి, మందం తగ్గలేదు. అందుకే రైలును లోపలినుంచి ఒక బలమిచ్చే ఇనుప పలకతో ఆదుకుంటే సరిపోతుందని నిర్ణయించాం. అంచులు పల్చబడి ఉంటే ఆ పని ఒప్పుకునేవాణ్ని కాదు.

పలకను బ్రాకెట్టుకన్నా రెండు పక్కలా పొడవుగా తీసుకుని, కొసలను ఏటవాలుగా కోయించాం. చతురస్రంగా ఆపేస్తే పలక ముగిసిన గీత దగ్గర ఛాసిస్ ఒక్కసారిగా మెత్తబడినట్టై, పగులు అక్కడే పుడుతుంది. ఎక్కడా వెల్డింగు వేయలేదు, అంతా బోల్టులే. పలక, ఛాసిస్ ఆనుకునే ముఖాలు రెండింటికీ జింకు ప్రైమర్ పూసి, బిగించాక అంచుల చుట్టూ సీలెంట్ నింపాం. కొత్త పలక వేసి దాని వెనక మరో ఉప్పు సందు తయారుచేస్తే పని చేసిందానికి అర్థమే లేదు.

రివెట్‌ను కొట్టి బిగించినప్పుడు అది బెజ్జం నిండా పరుచుకుంటుంది. బోల్టు అలా పరుచుకోదు. బెజ్జం వదులుగా ఉంటే లోడుకు జారుతుంది. అందుకని బెజ్జాలను రీమర్‌తో సాఫుచేసి, వాటికి బిగువుగా సరిపోయే గట్టి రకం (10.9 గ్రేడు) బోల్టులు తీసుకున్నాం. రేకులు కలిసేచోట మరలు రాకుండా, నున్నటి కాడ వచ్చేలా పొడవు ఎంచుకున్నాం. మరల గాడి దగ్గర బోల్టు సన్నం, తెగితే అక్కడే తెగుతుంది.

బుష్షుల ఎంపిక

దుకాణంలో నైలాన్ బుష్షులు చూపించారు. చవక, తుప్పు పట్టవు. ఈ బండికి మాత్రం వద్దనుకున్నాం. నైలాన్ నీటిని పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బి పిన్నును పట్టేస్తే పిన్ను మళ్లీ బ్రాకెట్టులో తిరగడం మొదలుపెడుతుంది, అంటే మొదటికొస్తాం. గన్‌మెటల్‌వే (కంచు రకం లోహం) తీసుకుని, గ్రీజు గాడి పిన్ను గ్రీజు బెజ్జానికి ఎదురుగా వచ్చేలా గుర్తుపెట్టి ప్రెస్సుమీద ఎక్కించాం. కంటిలోకి బిగువుగా దిగినప్పుడు బుష్షు లోపలి వ్యాసం కొంచెం ముడుచుకుంటుంది. తర్వాత రీమర్ వేసి, పిన్ను చేతితో నెడితే నిదానంగా దిగేంత వదులు ఇచ్చాం. సుత్తితో కొడితేనే దిగే పిన్నులో గ్రీజుకు చోటుండదు.

రబ్బరు బుష్షులుండే చిన్న బండ్ల సంగతి వేరు. వాటికి పిన్ను నట్లు చివరగా బండిని నేలమీద నిలిపాకే బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడి అక్కడే చిరుగుతుంది.

బ్రాకెట్టు బిగించేముందు కొలతలకు పాత బ్రాకెట్టును ఆధారంగా తీసుకోలేదు. తుప్పు నెట్టిన వస్తువు కొలత నమ్మదగ్గది కాదు. ఛాసిస్ బెజ్జాలను పట్టుకుని రెండు బోల్టులు వదులుగా పెట్టి, ముందు కమాను పిన్నునుంచి వెనుక కమాను పిన్నుకు రెండు పక్కలా, తర్వాత ఐమూలగా కొలిచాం. అన్ని తేడాలూ 2 మి.మీ. లోపు వచ్చాకే మిగతా బోల్టులు బిగించాం. చివరి బిగింపు బండిని దించాక చేశాం.

ఊట దారి మళ్లించడం

ఇంత చేసి ఊటను అలాగే వదిలేస్తే కొత్త బ్రాకెట్టుకూ అదే గతి. బాడీ చెక్కల మీద మందపాటి పట్టా పరిచి, ఎడమ అంచు కింద రేకు కాలువ బిగించి, గొట్టాన్ని షాకిల్ దాటించి వెనక్కు వదిలాం. ఉప్పు దించిన ప్రతిసారీ కింద మంచినీళ్లతో కడగాలి, కడిగిన వెంటనే గ్రీజు కొట్టాలి. గన్నుతో ఎన్నిసార్లు నొక్కామని లెక్కపెట్టుకోవద్దని, పిన్ను రెండు కొసల్లోనూ కొత్త గ్రీజు కనబడేదాకా కొట్టమని డ్రైవరుకు చూపించాం. ఒక కొసలోనే వస్తే దారి మూసుకుపోతున్నట్టు.

ఈ బండి తర్వాత మా షెడ్డులో ఒక అలవాటు స్థిరపడింది. బుష్షు మార్చమని ఏ బండి వచ్చినా, పిన్ను తీశాక బ్రాకెట్టు బెజ్జాన్ని రెండు దిక్కులా కొలిచి కాగితంమీద రాస్తున్నాం. అదే బండి మళ్లీ వస్తే ఆ కాగితం ముందుపెట్టుకుంటే సగం వాదన తప్పుతోంది.

తర్వాత

బోల్టు తలలకూ బ్రాకెట్టుకూ కలిపి పెయింటుతో గీత గీసి పంపాం, కొన్ని లోడ్లు తిరిగాక తీసుకురమ్మన్నాం. వచ్చినప్పుడు చూస్తే రెండు నట్ల దగ్గర గీత కొద్దిగా తప్పింది, ప్రైమర్ పొర నలిగి బిగువు తగ్గి ఉంటుంది. మళ్లీ బిగించాం. గుండుదారం కొలతలో ముందుకు నడిపినా, వెనక్కు నడిపినా ఎడమ, కుడి సమానంగా ఉన్నాయి. బ్రేకు వేస్తే పక్కకు లాగడం లేదని డ్రైవరు చెప్పాడు. ముందు టైరు అంచు అరగడం కూడా ఆగింది.

వానాకాలం తర్వాత మరోసారి చూసినప్పుడు ఎడమ పిన్నుల్లో గ్రీజు నల్లబడినా జిగురుగానే ఉంది. రేకు కాలువ గొట్టంలో ఉప్పు గడ్డకట్టి సగం మూసుకుపోయింది, సన్న గొట్టం తీసేసి వెడల్పుది వేశాం. కుడి షాకిల్ నిప్పిల్ ఒకటి గ్రీజు తీసుకోవడం లేదు. విప్పి దారి శుభ్రం చేశాం, యజమానిని అడిగి అటు కూడా కాలువ బిగించాం. కుడి బ్రాకెట్టు బెజ్జం కొలత పాత కాగితంలో ఉన్నంతే ఉంది, దాని రివెట్ల జోలికి ఇప్పటికి వెళ్లలేదు.